ఆరు పాటలు, ఇరవై వారాలు: ఆడియో ప్లాట్‌ఫాంలలో పాట వినిపించే పని (ప్రాజెక్టు డైరీ)

సొంతంగా పాటలు చేసుకుని సౌండ్‌క్లౌడ్, బ్యాండ్‌క్యాంప్ లాంటి చోట్ల పెట్టేవాళ్ల కోసం ఈ డైరీ. ఇందులో ఎక్కువ భాగం తప్పులే. ఏ తప్పు ఎన్ని రోజులు తిన్నదో, ఏం మార్చానో, మార్చాక అంకె ఎటు కదిలిందో వరసగా రాశాను. మీకు ఆ రోజులైనా మిగలాలి.

దశ 0: సరంజామా, లెక్క పద్ధతి

పాటలు 6. గొంతు, గిటార్, సింథ్, కొన్ని డ్రమ్ లూపులు. రికార్డింగ్, మిక్సింగ్ రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌లో. లౌడ్‌నెస్ కొలవడానికి యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ ఉచిత వెర్షన్. వినడానికి ఒక హెడ్‌ఫోన్, ఒక మామూలు ఫోన్. సౌండ్‌క్లౌడ్‌లో ఉచిత ఖాతా, బ్యాండ్‌క్యాంప్‌లో ఒక పేజీ.

స్ప్రెడ్‌షీట్‌లో మొదట రెండే గడులు: ప్లేలు, లైకులు. నాలుగో వారంలో మూడో గడి కలిపి, పాత పేర్లు చూసుకుంటూ వెనక్కి నింపాను. దాని పేరు "మళ్లీ వచ్చినవాళ్లు". ఒకే మనిషి కనీసం రెండు పాటల మీద, వేర్వేరు రోజుల్లో లైక్, కామెంట్, డౌన్‌లోడ్‌లలో ఏదో ఒకటి చేస్తే ఆ గడిలో ఒకటి పెరుగుతుంది. చేత్తో లెక్కపెట్టడమే. వారానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఈ ప్రాజెక్టులో నన్ను దారిలో పెట్టింది ఆ గడే.

దశ 1 (1–2 వారాలు): ఫైల్ దగ్గరే పోయింది

మొదట 320 కేబీపీఎస్ ఎంపీ3లు ఎక్కించాను. నాలుగు నిమిషాల పాట అలా అయితే 9.6 ఎంబీ. అదే పాట కుదించని 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైల్‌గా 63 ఎంబీ దాటుతుంది. నెట్ నెమ్మదిగా ఉంది కదా అని చిన్నది ఎంచుకున్నాను.

మనం ఏ ఫైల్ ఇచ్చినా ప్లాట్‌ఫాం దాన్ని స్ట్రీమింగ్ కోసం మళ్లీ కుదిస్తుంది. ఒకసారి కుదించినదాన్ని ఇంకోసారి కుదించేసరికి హైహ్యాట్ తడిగుడ్డ మీద కొట్టినట్టు వినిపించింది. 'స', 'శ' వచ్చిన ప్రతిచోటా ఇసుక రాలుతున్నట్టు ఒక గరగర. హెడ్‌ఫోన్‌లో నా వేవ్ ఫైల్ విని, వెంటనే పేజీలో అదే పాట వింటే తేడా తెలిసిపోయింది. ఎక్కించిన రోజే ఈ పని చేసి ఉండాల్సింది. తొమ్మిది రోజుల తర్వాత చేశాను.

రెండో సమస్య లౌడ్‌నెస్. నా మాస్టర్ (చివరగా తయారైన ఫైల్) -8.4 ఎల్‌యూఎఫ్‌ఎస్ ఉంది. పాట సగటున ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత ఇది, సున్నాకు ఎంత దగ్గరైతే అంత గట్టి. లిమిటర్ (శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపే ప్లగిన్) సీలింగ్, అంటే ఆ హద్దు, -0.1 డీబీ దగ్గర పెట్టాను కాబట్టి క్లిప్ కాదనుకున్నాను, అంటే సున్నా దాటి శబ్దం పగలదనుకున్నాను. మీటర్‌లో ట్రూ పీక్ చూస్తే +0.3. శాంపిళ్లు (శబ్దాన్ని క్షణక్షణం కొలిచిన అంకెలు) హద్దులోనే ఉన్నా, రెండు శాంపిళ్ల మధ్య తరంగం హద్దు దాటుతోంది. పైగా ఎంపీ3లోకి మారేటప్పుడు తరంగం ఆకారం కొద్దిగా మారి పీకులు ఇంకా లేస్తాయి. నేనే 128 కేబీపీఎస్ ఎంపీ3 చేసి తిరిగి రీపర్‌లో వేసి కొలిస్తే +1.2 వచ్చింది. పల్లవిలో చెవికి తగులుతున్న చిరపర అదే.

మార్చాక వచ్చిన అంకెలు:

- ముందు: -8.4 ఎల్‌యూఎఫ్‌ఎస్, ట్రూ పీక్ +0.3, కుదించాక +1.2
- తర్వాత: -11.5 ఎల్‌యూఎఫ్‌ఎస్, ట్రూ పీక్ -1.2, కుదించాక -0.3

సౌండ్ తగ్గిందని మొదట బెంగగా ఉండేది. స్పాటిఫై లాంటి చోట డిఫాల్ట్‌గా అన్ని పాటల్నీ -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గరకు తెస్తారు. పిండి పిప్పి చేసిన మాస్టర్‌ను అక్కడ కిందికి దించేస్తారు. సౌండ్ పెరగదు, పిండినందుకు పోయిన డైనమిక్స్ (మెల్లటి, గట్టి శబ్దాల మధ్య తేడా) తిరిగి రావు.

ఇప్పుడు ప్రతి పాటకూ చేసే పని:

1. లిమిటర్‌లో ట్రూ పీక్ ఆప్షన్ ఆన్ చేసి, సీలింగ్ -1.2 దగ్గర పెడతాను.
2. వేవ్ లేదా ఫ్లాక్‌గా (నాణ్యత పోకుండా కుదించే ఫైల్ రకం) ఎక్స్‌పోర్ట్ చేస్తాను.
3. దానికి 128 కేబీపీఎస్ ఎంపీ3 కాపీ చేసి, తిరిగి ప్రాజెక్టులో వేసి మీటర్ చూస్తాను. సున్నా దాటితే సీలింగ్ ఇంకో అర డీబీ కిందికి.
4. ప్రైవేట్‌గా అప్‌లోడ్ చేసి, ఫోన్‌లో మొదటి నుంచి చివరి దాకా వింటాను. బాగుంటేనే పబ్లిక్ చేస్తాను.

బ్యాండ్‌క్యాంప్ అసలు ఎంపీ3 తీసుకోదు. వేవ్, ఏఐఎఫ్‌ఎఫ్, ఫ్లాక్ మాత్రమే. కొత్త ఖాతాకు ఒక్కో ఫైల్ 291 ఎంబీ వరకు. పైన చెప్పిన వేవ్ లెక్కన అది దాదాపు పద్దెనిమిది నిమిషాల పాట.

ఈ తప్పుకు అయిన నష్టం: సౌండ్‌క్లౌడ్‌లో లింకు, ప్లేలు, కామెంట్లు పోకుండా ఫైల్ ఒక్కటే మార్చే సౌకర్యం డబ్బు కట్టిన ఖాతాలకే ఉంది. నాది ఉచితం. ఆరూ తీసేసి మళ్లీ ఎక్కించాను. ప్లేలు పోయినందుకు అంత అనిపించలేదు. అప్పటికే పంపిన లింకులన్నీ చచ్చిపోయాయి, అదే బాధపెట్టింది. లింకు పంపాక ఇంకెప్పుడూ పాట డిలీట్ చేయలేదు.

*మొత్తం, 2వ వారం చివర (తీసేసినవి కలిపి): ప్లేలు 88, లైకులు 9, మళ్లీ వచ్చినవాళ్లు 2 (ఇద్దరూ స్నేహితులే).*

దశ 2 (3వ వారం): పేరు, బొమ్మ, ట్యాగులు

దీనికి ఎక్కువ రాయాల్సింది లేదు.

1. కవర్ 3000 × 3000 పిక్సెళ్ల చదరం. ఏ ప్లాట్‌ఫాంకైనా సరిపోతుంది. ఫోన్‌లో బొటనవేలి గోరంత కనిపించినప్పుడు అక్షరం చదవగలిగితేనే ఉంచాను. మూడు కవర్ల మీద అక్షరాలు పూర్తిగా తీసేశాను.
2. పాట పేరు తెలుగు లిపిలో ఒక్కటే పెడితే, ఇంగ్లిష్ అక్షరాల్లో వెతికినవాళ్లకు దొరకలేదు. ఇప్పుడు టైటిల్‌లో లిపి, వివరణ మొదటి వరసలో ఇంగ్లిష్ స్పెల్లింగు. రెండు మూడు రకాలుగా రాసే పేరైతే ఆ రెండు మూడూ.
3. ట్యాగులు మొదట పద్దెనిమిది పెట్టాను. ఆ పద్దెనిమిదిలో నా పాటకు నిజంగా సరిపోయేవి నాలుగు. మిగతావి తీసేశాను. సంబంధం లేని ట్యాగుతో వచ్చినవాళ్లు పది సెకన్లలో వెళ్లిపోతారు.
4. ఐఎస్‌ఆర్‌సీ కోడ్ అంటే రికార్డింగుకు ఉండే 12 అక్షరాల గుర్తింపు. ఒకే రికార్డింగుకు ఎక్కడైనా అదే కోడ్ ఉండాలి. నేను రెండు చోట్ల రెండు కోడ్‌లు పడనిచ్చాను. 6వ దశలో అదీ తలనొప్పి అయింది.

దశ 3 (3–6 వారాలు): లింకు పంపడం

ఆరు పాటలూ ఒకే రోజు పబ్లిక్ చేశాను. వచ్చినవాళ్లు పైనున్న ఒక్క పాట విని వెళ్లారు. మిగతా ఐదింటికీ కలిపి ఆ వారంలో 11 ప్లేలు. పెట్టడానికి కొత్త పాట చేతిలో లేదు కాబట్టి తర్వాతి వారం ఎవరికీ ఏం చెప్పాలో తోచలేదు. నాలుగింటిని తిరిగి ప్రైవేట్ చేసి, మూడు వారాలకు ఒకటి చొప్పున విడుదల చేస్తూ వచ్చాను. ప్రైవేట్ చేసినా, తిరిగి పబ్లిక్ చేస్తే పాత లింకు, లెక్క రెండూ ఉంటాయి.

తర్వాత మెసేజులు. ఒకే వాక్యం, కింద లింకు, నాలుగు రోజుల్లో 120 మందికి. ఒక్కో గుంపుకు ఒక్కో షార్ట్ లింకు ఇచ్చాను కాబట్టి లెక్క తెలిసింది:

- పంపినవి 120
- తెరిచినవాళ్లు 17
- జవాబిచ్చినవాళ్లు 2
- ఆ రెండు జవాబుల్లో ఒకటి: "దయచేసి ఇలాంటివి పంపకండి."

ఆ మాట సరైనదే. ఆ మనిషి పాట ఒక్కటైనా నేను వినలేదు, నా పాట మాత్రం వినమన్నాను. ఆ రోజే మెసేజులు ఆపేశాను.

దాని బదులు చేసింది: వారానికి పది పాటలు, నాకంటే పెద్ద పేరు లేనివాళ్లవి, మొదటి నుంచి చివరి దాకా వినడం. సౌండ్‌క్లౌడ్‌లో కామెంట్ పాటలోని ఒక క్షణానికి అతుక్కుంటుంది. వేవ్‌ఫామ్ (పాట తరంగం బొమ్మ) మీద అక్కడే కనిపిస్తుంది. అందుకని "చాలా బాగుంది" అని రాయడం మానేసి, ఏ సెకను దగ్గర ఏం విన్నానో రాశాను. "ఇక్కడ బేస్ ఒక్క బీటు ఆగింది, ప్రాణం లేచొచ్చింది" లాంటివి. నచ్చకపోతే ఏమీ రాయలేదు. మూడు వారాల్లో 30 పాటలు విని 21 కామెంట్లు పెట్టాను. ఆ 21 మందిలో 8 మంది నా పేజీకి వచ్చి ఏదో ఒకటి రాశారు. 120 మెసేజులకు పట్టిన సమయం కంటే దీనికే ఎక్కువ పట్టింది, అయినా ఇది ఇప్పటికీ మానలేదు. వినడం వల్ల నా మిక్సులు కూడా మారాయి.

*మొత్తం, 6వ వారం చివర: ప్లేలు 231, లైకులు 17, మళ్లీ వచ్చినవాళ్లు 3.*

దశ 4 (7వ వారం): కొన్న ప్లేలు

ఒక ప్రమోషన్ సర్వీసు వాళ్లు కామెంట్‌లోనే పలకరించారు. అసలైన శ్రోతలే వస్తారని చెప్పారు. ఒక పాటకు ఒప్పుకున్నాను. రెండు రోజుల్లో మూడో పాటకు 2,140 ప్లేలు. లైకులు 3. కామెంట్లు 5, ఐదూ ఒకే రకం పొగడ్త, ఐదూ పాట మొదలైన మొదటి సెకనులోనే. ఆ ఖాతాలు తెరిచి చూశాను: ఒక్క పాట లేదు, ఫొటో లేదు, వేలల్లో ఫాలోయింగ్. గంటకు దాదాపు ఒకే సంఖ్యలో ప్లేలు, రాత్రీ పగలూ తేడా లేకుండా. మనుషులు అలా వినరు.

పోయింది డబ్బొక్కటే అయితే రాసేవాణ్ని కాదు. మూడో పాట లెక్కలు ఇక దేనికీ పనికిరాలేదు. ఏ దేశం నుంచి వింటున్నారు, ఎక్కడి నుంచి వచ్చారు అనేవన్నీ ఆ 2,140 కింద పూడిపోయాయి. మామూలుగా వచ్చిన మనిషికి కూడా రెండు వేల ప్లేలకు మూడు లైకులు కనిపిస్తే ఏమనుకుంటారు? నకిలీ ప్లేలు దాదాపు ఏ ప్లాట్‌ఫాంలోనైనా నిబంధనలకు విరుద్ధం, పాట తీసేసే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి ఆ ఐదు కామెంట్లు తీసేసి, ఇకముందు వచ్చే లెక్కలన్నిట్లోంచి ఆ ప్లేలు తప్పించాను.

*మొత్తం, 7వ వారం చివర (కొన్నవి తీసేసి): ప్లేలు 250, లైకులు 18, మళ్లీ వచ్చినవాళ్లు 3.*

దశ 5 (8–11 వారాలు): మొదటి నలభై సెకన్లు

నాకు ఎంతో ఇష్టమైన రెండో పాట ఎవరికీ ఎక్కడం లేదు. ప్లేలు ఉన్నాయి, లైకులు లేవు. పాట బాగాలేదేమో అనుకుని మిక్స్ మూడుసార్లు మార్చాను. ఏమీ మారలేదు.

దగ్గరి బంధువు ఒకావిడ నా ఎదురుగానే ఫోన్‌లో ఆ పాట పెట్టారు. కాసేపు చూశారు. వాల్యూమ్ పెంచారు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నారు. "నెట్ లేనట్టుంది, రావట్లేదు" అని ఆపేశారు. పాట ప్లే అవుతూనే ఉంది.

ఇంట్రో 41 సెకన్లు. అందులో మొదటి 22 సెకన్లు ఒక సింథ్ డ్రోన్ (ఆగకుండా సాగే ఒకే స్వరం) మాత్రమే, కింది స్థాయి 'సి' స్వరం, 65 హెర్ట్జ్. హెడ్‌ఫోన్‌లో అది గుండెల్లో మోగుతుంది. ఫోన్‌లో ఉండే చిన్న స్పీకర్ 200 హెర్ట్జ్ కింద చాలావరకు పలకదు. అంటే ఫోన్‌లో వినే ప్రతి మనిషికీ నా పాట ఇరవై రెండు సెకన్ల నిశ్శబ్దంతో మొదలవుతోంది. ఏడు వారాలుగా ఇదే జరుగుతోంది. దశ 1లో ఫోన్‌లో విన్నప్పుడు నాకెందుకు తెలియలేదంటే, నాకు డ్రోన్ ఉందని తెలుసు కాబట్టి లేకపోయినా విన్నాను.

చేసిన మార్పులు:

1. డ్రోన్‌కు రెండు ఆక్టేవ్‌లు పైన, 262 హెర్ట్జ్ దగ్గర, సన్నగా ఇంకో పొర కలిపాను. కింది డ్రోన్‌కు కొద్దిగా శాచురేషన్ (శబ్దాన్ని కొంచెం గరుకు చేయడం) ఇచ్చాను. దాంతో పై హార్మోనిక్స్ (అసలు స్వరానికి పైన పుట్టే సన్నటి స్వరాలు) పుట్టి చిన్న స్పీకర్‌లో కూడా ఆనవాలు తెలుస్తుంది.
2. ఇంట్రో 41 నుంచి 12 సెకన్లకు కోశాను. గిటార్ మొదటి తీగ 3వ సెకనుకు, గొంతు 12వ సెకనుకు.
3. కోసిన 29 సెకన్లు పారేయలేదు. బ్యాండ్‌క్యాంప్‌లో పూర్తి నిడివి వెర్షన్‌గా ఉంచాను.

కోయడం నాకు తేలిగ్గా జరగలేదు. ఆ ఇంట్రో మీద రెండు వారాలు కూర్చున్నాను. అందుకే పబ్లిక్ చేసేముందు పరీక్ష పెట్టాను. ప్రైవేట్ లింకులు రెండు, పాతది, కొత్తది. ఆరుగురికి ఒకటి, ఆరుగురికి ఇంకోటి. "ఎక్కడ ఆపాలనిపిస్తే అక్కడ ఆపి, ఆ సెకను నాకు చెప్పండి" అన్నాను.

- పాతది: గొంతు రాకముందే ఆపినవాళ్లు ఆరుగురిలో 4
- కొత్తది: ఆరుగురిలో 1

పన్నెండు మందితో ఏదీ రుజువు కాదు, నాకు నిర్ణయం తీసుకోవడానికి మాత్రం సరిపోయింది. అప్పటికి డబ్బు కట్టిన ఖాతాకు మారాను, ఫైల్ మార్చే సౌకర్యం వచ్చింది. స్పాటిఫైలో 30 సెకన్లు విన్నాకే ఒక స్ట్రీమ్ లెక్కకు వస్తుంది. పాత ఇంట్రోలో ఆ 30 సెకన్లు అయ్యాక కూడా గొంతు రాదు, ఈలోపే ఆపేసినవాళ్లు లెక్కలోకే రారు.

ఒక చిక్కు ముందుగా ఊహించలేదు. ఆ పాటలో రెండో చరణానికి ముందు నేను ఊపిరి పీల్చుకునే శబ్దం ఉంది, పాత ఫైల్‌లో 2:21 దగ్గర. దాని మీద మూడు కామెంట్లు ఉన్నాయి, "ఈ ఊపిరి" అని ఒకరు, ఇంకా ఇద్దరు. ఇంట్రో కోశాక ఆ ఊపిరి 1:52కి జరిగింది. కామెంట్లు మాత్రం 2:21 దగ్గరే నిలబడ్డాయి, చరణం మధ్యలో, దేని గురించో తెలియకుండా. పాట మొదట్లో కోసేది ఉంటే కామెంట్లు రాకముందే కోయండి. నేను ఆ ముగ్గురికీ కింద జవాబు రాశాను, ఊపిరి ఇప్పుడు ఎక్కడుందో చెబుతూ.

మిగతా ఐదు పాటల ఇంట్రోలూ కొలిచాను: 19, 26, 8, 33, 15 సెకన్లు. 26, 33 ఉన్న రెంటినీ కోశాను.

*మొత్తం, 11వ వారం చివర: ప్లేలు 462, లైకులు 55, మళ్లీ వచ్చినవాళ్లు 14.*

ఈ నాలుగు వారాల్లో కొత్త ప్లేలు 212, కొత్త లైకులు 37. అంటే వందకు 17 పైచిలుకు. 6వ వారం దాకా వందకు 7.

దశ 6 (12–13 వారాలు): నా పాట నాది కాదన్నారు

స్ట్రీమింగ్ సర్వీసులకు పంపడానికి ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర పాటలు నమోదు చేశాను. అక్కడ ఆటోమేటిక్ గుర్తింపు ఆప్షన్ (నమోదైన పాట ఇంకెక్కడైనా కనిపిస్తే పట్టుకుని హక్కు చెప్పేది) టిక్ పెట్టి ఉంది, చదవకుండా వదిలేశాను. వారం తర్వాత ఐదో పాట కొత్త ఫైల్ నా సొంత పేజీలో ఎక్కించబోతే కాపీరైట్ ఉన్న ఆడియో అని ఆగిపోయింది. హక్కుదారు పేరు చూస్తే ఆ డిస్ట్రిబ్యూటర్. అంటే నా తరఫునే నన్ను ఆపారు. తొమ్మిది రోజులు టెన్షన్. రెండు చోట్ల రెండు ఐఎస్‌ఆర్‌సీ కోడ్‌లు ఉండటంతో ఇది ఒకే రికార్డింగు అని చెప్పడానికి ఇంకా ఆలస్యమైంది.

ఏం చేయాలంటే:

1. నమోదు చేసేటప్పుడే మీ సొంత పేజీల లింకులు మినహాయింపు జాబితాలో వేయించుకోండి.
2. ఒకే కోడ్, ఒకే టైటిల్, ఒకే నిడివి అన్నిచోట్లా ఉంచండి.
3. తయారుగా దొరికే లూపులు వాడిన పాటకు గుర్తింపు ఆప్షన్ పెట్టకండి. అదే లూపు ఇంకెవరి పాటలోనో ఉంటుంది. మీ పేరు మీద వాళ్లకు నోటీసు వెళ్తుంది. నా ఆరు పాటల్లో రెండు ఇలాంటివే. రెంటికీ ఆప్షన్ తీయించాను.
4. రీపర్ ప్రాజెక్టు ఫైల్, మొదటి ఎక్స్‌పోర్ట్ తేదీ భద్రంగా ఉంచండి. వివాదంలో చూపించడానికి అవే పనికొచ్చాయి.

స్పాటిఫై ఆదాయం గురించి అడిగేవాళ్లకు: 2024 నుంచి ఒక పాటకు గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీములు ఉంటేనే రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకి వస్తుంది. నాకు అది ఇంకా దూరం, కాబట్టి శ్రమంతా నేరుగా వినేవాళ్ల మీదే పెట్టాను.

*మొత్తం, 13వ వారం చివర: ప్లేలు 493, లైకులు 58, మళ్లీ వచ్చినవాళ్లు 15.*

దశ 7 (14–20 వారాలు): ఇచ్చేయడం

బ్యాండ్‌క్యాంప్‌లో రెండు పాటలు ఉచిత డౌన్‌లోడ్‌కు పెట్టి, ఈమెయిల్ ఇస్తేనే దిగేలా చేశాను. ఉచిత డౌన్‌లోడ్‌లకు నెలకు 200 క్రెడిట్లు ఇస్తారు, నాకు ఎప్పుడూ అయిపోలేదు. ఏడు వారాల్లో 63 ఈమెయిళ్లు. కొత్త పాట వచ్చినప్పుడు మాత్రమే ఒక ఉత్తరం రాస్తాను, ఎనిమిది వాక్యాలు మించకుండా.

నాలుగో పాట గొంతు లేని వెర్షన్‌కు క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ (అడగకుండానే ఇతరులు వాడుకోవడానికి ఇచ్చే అనుమతి) పెట్టాను. ముందు జాగ్రత్త అనుకుని బీవై-ఎన్‌సీ-ఎన్‌డీ ఎంచుకున్నాను: పేరు వేయాలి (బీవై), వ్యాపారానికి వాడకూడదు (ఎన్‌సీ), మార్చి పంచకూడదు (ఎన్‌డీ). వీడియోలు చేసే ఒక అమ్మాయి, వెనకాల వాడుకోవచ్చా అని అడిగింది. లైసెన్స్ పూర్తిగా చదివితే, వీడియోకు జతచేసి పాటను నడిపించడం కూడా మార్పు కిందే లెక్క అని ఉంది. ఎన్‌డీ ఉంటే కుదరదు. పంచుకోమని పెట్టి, పంచుకోవడానికి వీల్లేకుండా తాళం వేశాను. బీవైకి మార్చాను: పేరు వేస్తే చాలు. ఒకసారి ఇచ్చిన లైసెన్స్ వెనక్కి తీసుకోవడం కుదరదు, కాబట్టి లూపులు లేని, మొత్తం నేనే వాయించిన పాటకే ఇది చేశాను. గుర్తింపు ఆప్షన్ దానికి లేదని ముందే సరిచూసుకున్నాను. లేకపోతే వాడుకోమన్న చేత్తోనే నోటీసు పంపినట్టవుతుంది. ఇప్పటివరకు నాలుగు వీడియోల్లో వాడారు.

*మొత్తం, 20వ వారం చివర: ప్లేలు 811, లైకులు 102, మళ్లీ వచ్చినవాళ్లు 31, ఈమెయిళ్లు 63.*

18వ వారంలో రెండో పాట మిక్స్ ఇంకోసారి సర్దాను. గొంతు ట్రాక్ మీద శబ్దం తగ్గించే ప్లగిన్ వేసి, ఫైల్ మార్చి పడుకున్నాను. రెండు రోజుల్లో రెండు కామెంట్లు, రెండూ 1:52 దగ్గరే. ఒకటి: "ఇక్కడ ఊపిరి ఏమైంది?" రెండోది: "ఊపిరి తీసేశారా? అది ఉండాలి."

ప్రాజెక్టు తెరిచి చూస్తే ప్లగిన్ దాన్ని తుడిచేసింది. నేను గమనించలేదు. రాసిన ఇద్దరూ నాకు పరిచయం లేనివాళ్లు, ఇద్దరూ మూడో గడిలో ఉన్నవాళ్లే. ఆ రాత్రే ఊపిరిని వెనక్కి తెచ్చి, పాత స్థాయిలోనే, ఫైల్ మళ్లీ ఎక్కించాను. ఏడో పాట గొంతు రికార్డింగు మొదలైంది. ఈసారి ఇంట్రో 9 సెకన్లు.